మీటర్ 4.2 చూపించిన రాత్రి

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. నాకు 27 ఏళ్ళు. మాది భీమవరం దగ్గర ఊరు. బీఎస్సీ మైక్రోబయాలజీ చదివి, ఆక్వా ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేస్తున్నాను. పదో తరగతి నుంచి సైన్స్ ఫిక్షన్ అంటే పిచ్చి. ఇంగ్లిష్‌లో దొరికిందల్లా ఫోన్‌లో చదివేశాను. తెలుగులో 11 కథలు రాశాను. నాలుగు పత్రికలకు పంపితే మూడింటి నుంచి జవాబే లేదు. ఒక ఎడిటర్ గారు ఫోన్ చేసి, "బాగానే రాశావమ్మా, కానీ ఏదో ఇంగ్లిష్ కథకి అనువాదంలా ఉంది" అన్నారు. ఆ మాట విన్నాక నెల రోజులుగా ఒక్క వాక్యం రాయలేదు. నేను ఇంగ్లిష్‌లోనే రాయాలా? తెలుగులో ఇలాంటివి చదివేవాళ్ళు ఉన్నారా? నాకున్న సైన్స్ సరిపోతుందా? డ్యూటీ అయ్యేసరికి ఒళ్ళు హూనమవుతుంది. సీజన్‌లో అయితే డీవో, అంటే చెరువు నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, పడిపోయిందని రైతులు రాత్రి మూడింటికి కూడా ఫోన్ చేస్తారు. (సారీ, సంబంధం లేని విషయం రాస్తున్నాను. మొన్న మా చెరువుకే అలా జరిగింది. మీటర్ మాత్రం 4.2 చూపించింది, అంటే ఫర్వాలేదని. నాన్న గట్టు మీద నిలబడి, వాసన చూసి, నీళ్ళు తేడాగా ఉన్నాయన్నాడు. నేను మీటర్‌నే నమ్మాను. తెల్లారేసరికి రొయ్యలన్నీ పైకి తేలాయి.) ఇంట్లో ఈ రాతలు మానేసి గ్రూప్స్‌కి చదవమంటున్నారు. నన్నేం చెయ్యమంటారు?

జవాబు:

అమ్మా,

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన మూడు కథలూ చదివాను. ఉత్తరమైతే నాలుగుసార్లు చదివాను. నీ మూడు కథల్లోనూ లేని కథ ఒకటి అందులో ఉంది. దాన్ని నువ్వు బ్రాకెట్లో పెట్టి, పైగా సారీ చెప్పావు. నేను చెప్పాలనుకుంటున్నదంతా ఆ బ్రాకెట్ గురించే.

ముందు ఆ ఎడిటర్ గారి మాట. నీకు కష్టం కలిగి ఉంటుంది, కానీ వారు నిజమే చెప్పారు. పనికిరాదనుకున్న కథకి ఎవరూ పనిగట్టుకుని ఫోన్ చెయ్యరు. నీ అంగారకుడి కథలో ఎలెనా మూడుచోట్ల "భుజాలు ఎగరేసింది". మీ ఊళ్ళో భుజాలు ఎగరేసే మనిషిని ఎప్పుడైనా చూశావా? మనవాళ్ళు పెదవి విరుస్తారు, లేకపోతే చెయ్యి తిప్పి "ఏమో" అని ఊరుకుంటారు. "అతని వెన్నెముక గుండా చలి పాకింది" అని రాశావు. మనకి ఒళ్ళు జలదరిస్తుంది, గుండె ఝల్లుమంటుంది. తెలుగు రాకపోవడం వల్ల వచ్చిన తప్పులు కావివి. నీ ఉత్తరంలో ఇలాంటి వాక్యం ఒక్కటి కూడా లేదు. పదేళ్ళుగా నువ్వు ఏ మనుషుల మధ్య చదువుకుంటూ తిరిగావో ఆ మనుషులే నీ కథల్లోకి నడిచి వచ్చారు. నడకనీ అలవాట్లనీ తమతోనే తెచ్చుకున్నారు. ప్రేమగా చదివినవాళ్ళకే ఇలా జరుగుతుంది. అందుకని చదివినందుకు బాధపడకు.

నాకూ ఇదే జరిగింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు నేను పదో తరగతి. మాది పాలమూరు జిల్లాలో చిన్న పల్లె. ఆ గ్రహణం నీడ కర్ణాటక మీదుగా మన జిల్లాలు దాటి ఒడిశా వైపు వెళ్ళింది. హైదరాబాద్ దగ్గర జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రవేత్తలు దానికోసం కాచుకుని కూర్చున్నారు. మా ఊళ్ళో మాత్రం మధ్యాహ్నానికే తలుపులన్నీ మూసేశారు. మా నాయనమ్మ నీళ్ళ బిందెల మీద, ఊరగాయ జాడీల మీద గరిక వేసి, నన్ను గడప దాటొద్దంది. తలుపు సందులోంచి వాకిట్లోకి చూస్తూ కూర్చున్నాను. ఎండ ఉండగానే ఎండలోంచి వేడి పోయింది. గోడ నీడ అంచు కత్తితో కోసినట్టు సన్నబడింది. కోళ్ళు తమంతట తామే గూట్లోకి పోయాయి. తర్వాత చీకటి. ఊరంతటిలో ఒక్క మనిషి గొంతు లేదు. అది ఏ గంటకి మొదలై ఏ గంటకి వదులుతుందో మా సైన్స్ సారు ముందురోజే బోర్డు మీద రాసి చెప్పారు, అన్నీ అలాగే జరిగాయి. అయినా ఆ రెండు నిమిషాలూ నేను నాయనమ్మ చెయ్యి వదల్లేదు.

ఫిజిక్స్ చదవాలని అప్పుడే అనుకున్నాను. చదివి, జూనియర్ కాలేజీలో లెక్చరర్‌నయ్యాక ఒక నవల రాశాను. 200 పేజీలు, అంగారకుడి మీద కాలనీ, కెప్టెన్ రాబర్ట్. ఎవరూ వేసుకోలేదు. గరిక వేసిన ఆ బిందె నా కాగితం మీదికి రావడానికి నాకు 50 ఏళ్ళు దాటాయి. నావాటిలో అచ్చయిన మొదటి కథ అదే. మధ్యలో పోయిన ఆ ఏళ్ళ గురించి నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే నీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇప్పుడు మీ చెరువు దగ్గరికి వద్దాం. నాకు రొయ్యల సంగతి తెలియదు. నా పాత విద్యార్థి ఒకతను మీ వైపే చెరువులు చేస్తున్నాడు, అతనికి ఫోన్ చేసి గంటసేపు అడిగాను. నీకు తెలిసిందే అయినా నేను విన్నది విన్నట్టు చెబుతాను. బయటివాడికి అది ఎలా వినిపిస్తుందో నువ్వు చూడాలి. పగలు నీళ్ళలో పచ్చదనం ఎండకి ప్రాణవాయువు వదులుతుంది. రాత్రయితే అదీ, రొయ్యలూ, అడుగున కుళ్ళే మేతలోని సూక్ష్మజీవులూ అన్నీ కలిసి ఆ ప్రాణవాయువునే తోడేస్తాయి. తెల్లవారుజాముకి అది అన్నిటికన్నా తక్కువకి పడుతుంది. అందుకే ఆ వేళకి నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతూనే ఉండాలి, కరెంటు పోతే జనరేటర్ సిద్ధంగా ఉండాలి. మీటర్‌ని మనం చెక్క వంతెన మీద నిలబడి పైనీళ్ళలో ముంచుతాం. రొయ్య ఉండేదేమో అడుగున. అడుగున బురద చెడితే కుళ్ళిన గుడ్డు వాసన లేస్తుంది. అంటే ఆ రాత్రి మీటర్ అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. తనని ముంచినచోట ఉన్నదే చెప్పింది. మీ నాన్న అడుగున జరుగుతున్నది చెప్పారు.

తల్లీ, ఇంతకన్నా సైన్స్ ఫిక్షన్ ఏముంటుంది? ఒక యంత్రం, ఒక మనిషి, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మధ్యలో ఇద్దరి భాషా తెలిసిన కూతురు. నిర్ణయానికి ఉన్న టైం తెల్లారేదాకానే.

దీన్ని ఓ పదిహేనేళ్ళు ముందుకి జరిపి చూడు. మండలంలో ప్రతి చెరువులోనూ సెన్సర్ ఉంది. ఏరియేటర్ దానంతటదే తిరుగుతుంది, మేత దానంతటదే పడుతుంది. బ్యాంకు అప్పు ఆ రీడింగ్ చూసే ఇస్తుంది, బీమా కూడా ఆ రీడింగ్ మీదే. ఒకరోజు పంట మొత్తం పోయింది. రీడింగ్ మాత్రం బాగానే ఉంది. "మా లెక్క ప్రకారం మీ చెరువు బాగానే ఉంది, మీకు నష్టం జరగలేదు" అని కాగితం వస్తే, గట్టు మీద నిలబడిన మీ నాన్న ముక్కుకి ఏ ఆఫీసులో విలువ ఉంటుంది? లేదా ఇంకోలా చూడు. ఒక కంపెనీ మీ నాన్నలాంటి రైతుల్ని పిలిచి, సీసాల్లో నీళ్ళు వాసన చూపించి, వాళ్ళకి తెలిసిందంతా ఒక యంత్రానికి నేర్పించింది. కొన్నాళ్ళకి ఆయన పోయారు. యంత్రం మాత్రం వెయ్యి చెరువుల మీద పనిచేస్తూనే ఉంది. రాత్రి మూడింటికి నీ ఫోన్ మోగుతుంది, నీళ్ళు తేడాగా ఉన్నాయని. ఆ మాట ఎవరిది?

నువ్వు వీటిని రాయనక్కర్లేదు. ఇవి బయటివాడికి తోచినవి. గంటసేపు ఫోన్‌లో విన్న నాకే ఇన్ని తోస్తే, రోజూ ఆ నీళ్ళలో చెయ్యి పెట్టే నీకు ఇంకెన్ని తోచాలి! మీ నాన్న తరం 1990ల్లో తెల్లమచ్చ వైరస్‌తో టైగర్ రొయ్య ఎలా తుడిచిపెట్టుకుపోయిందో చూసింది. తర్వాత 2009లో వనామి అనే రొయ్య వచ్చింది. అది అమెరికా ఖండాల పసిఫిక్ తీరం జీవి. తల్లిరొయ్యలు విమానంలో దిగి, చెన్నైలో క్వారంటైన్‌లో ఉండి, వాటి పిల్లలు మీ చెరువుల్లోకి వస్తాయి. సముద్రాల అవతలి జీవి ఒకటి మీ మండలంలో ఎవరి పెళ్ళి ఎప్పుడు జరగాలో, ఎవరి పొలం తాకట్టు విడిపించుకోవాలో నిర్ణయిస్తోంది. ఇదే సంగతి వేరే గ్రహం మీద జరిగినట్టు ఎవరైనా రాసి ఉంటే, నువ్వు రాత్రంతా మేలుకుని చదివేదానివి.

అలాగని అంగారకుడి మీద కథలు రాయకూడదని కాదు. రాయి. కానీ అక్కడికి వెళ్ళేది మీ ఊరి మనిషి కావాలి. అక్కడ నీళ్ళ వాసన చూసే అలవాటు ఆ మనిషికి ఉండాలి, నీళ్ళే లేనిచోట అది ఏమవుతుందో నువ్వు కనిపెట్టాలి. అలాంటి కథని అనువాదం అని ఎవరూ అనలేరు.

మాటల సంగతి. నీ కథలో ఒకచోట "కరిగిన ఆమ్లజని సాంద్రత" అని రాశావు, ఉత్తరంలో మాత్రం "డీవో పడిపోయింది" అన్నావు. రెండోదే రాయి. ఏరియేటర్, సీడ్ (రొయ్య పిల్లలు), చెక్ ట్రే (మేత తిన్నాయో లేదో చూసే పళ్ళెం), 60 కౌంట్ (కిలోకి 60 రొయ్యలు), ఇవన్నీ ఇప్పుడు తెలుగు మాటలే. బడికి వెళ్ళని రైతు కూడా రోజూ అంటున్న మాట పరాయిది ఎలా అవుతుంది? తోకచుక్క, గ్రహణం, కృష్ణబిలం (బ్లాక్ హోల్) లాంటి మంచి మాటలు ఉన్నచోట వాటిని వాడుకో. లేనిచోట సంస్కృతం అతికించి కొత్త మాట పుట్టించకు. చదివేవాడు ఆ మాట దగ్గరే ఆగిపోతాడు. సైన్స్‌ని తేట తెలుగులో ఎలా చెప్పొచ్చో చూడాలంటే కొడవటిగంటి రోహిణీప్రసాద్ గారి వ్యాసాలు చదువు. ఆయన భాభా అణుపరిశోధన కేంద్రంలో పనిచేసిన శాస్త్రవేత్త, సితార్ కూడా వాయించేవారు. రెండూ తెలిసిన మనిషి వాక్యం ఎలా నడుస్తుందో అందులో కనిపిస్తుంది. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్‌గా చేస్తూ తెలుగులో రాసిన వేమూరి వేంకటేశ్వరరావు గారివి కూడా చదువు.

ఇంగ్లిష్‌లో రాయాలా అన్నావు. నీకు ఇంగ్లిష్‌లో కలలు వస్తే రాయి. పేరు కోసమో, చదివేవాళ్ళు ఎక్కువన్న ఆశతోనో అయితే వద్దు. జగదీశ్ చంద్ర బోస్ రేడియో తరంగాల మీద ప్రయోగాలు చేస్తున్న రోజుల్లోనే, 1896లో, బెంగాలీలో ఒక కథ రాశారు. కుంతలీన్ అనే తలనూనె కంపెనీ పెట్టిన కథల పోటీ కోసం రాసిందది. కలకత్తా మీదికి రావాల్సిన తుఫాను మాయమవుతుంది. ఎందుకంటే ఓడలో వెళుతున్న ఒకాయన సముద్రంలో తలనూనె సీసా ఒంపాడు. నీటి తలతన్యత మీద నూనె ప్రభావం అసలు విషయం, దాన్ని చెప్పింది మాత్రం ఇంట్లో అద్దం ముందుండే సీసాతో. దానికి బహుమతి వచ్చింది. 1974లో జయంత్ నార్లికర్ మరాఠీ విజ్ఞాన్ పరిషత్ కథల పోటీకి కృష్ణబిలం మీద కథ పంపారు. అప్పటికే ప్రపంచం ఎరిగిన ఖగోళ శాస్త్రవేత్త. తన పేరు చూసి మార్కులు వెయ్యకూడదని మారుపేరుతో పంపారు, మొదటి బహుమతి వచ్చింది. వాళ్ళిద్దరూ కేంబ్రిడ్జ్‌లో చదివినవాళ్ళే, ఇంగ్లిష్ రాక కాదు. వాళ్ళింట్లో మనుషులు ఏ భాషలో మాట్లాడుకుంటారో ఆ భాషలో కథ చెప్పాలనిపించింది.

చదివేవాళ్ళు ఉన్నారా అన్న అనుమానం నాకు లేదు. 1991లో 'ఆదిత్య 369' వచ్చినప్పుడు కాలయంత్రం అంటే ఏమిటో ఎవరూ మాకు పాఠం చెప్పలేదు. ఆ యంత్రం జనాన్ని 1526కి, కృష్ణదేవరాయల కొలువుకి తీసుకెళ్ళింది. తమకి ప్రాణమైన చోటుకి తీసుకెళ్ళింది కాబట్టి వెళ్ళారు. 2504కి తీసుకెళ్ళినా వెళ్ళారు. జనం యంత్రాలకి భయపడరు, తమవాళ్ళు ఎవరూ లేని కథకి దూరంగా ఉంటారు. డబ్బు గురించి మాత్రం నిజం చెప్పాలి. తెలుగు కథతో ఇల్లు గడవదు. ఆ లెక్క మనసులోంచి ముందే తీసెయ్.

ఇంకొక్కటి. మన పురాణాల్లో విమానాలున్నాయి కాబట్టి సైన్స్ ఫిక్షన్ మనకి ఎప్పుడో ఉందని చెప్పేవాళ్ళు నీకు తగులుతారు. ఆ దారిన పోకు. పుష్పకం అందమైన ఊహ, నాకూ ఇష్టమే. కానీ అది ఆగిపోతే ఎవరు బాగుచేస్తారు, దానికి ఎంత ఖర్చవుతుంది, అది ఎక్కలేనివాళ్ళ గతేమిటి అని ఎవరూ అడగలేదు. మన పని ఆ ప్రశ్నలు అడగడం.

సైన్స్ సరిపోతుందా అన్నావు. నీకున్నది చాలా ఎక్కువ. ఆక్టేవియా బట్లర్ గురించి నీకు తెలిసే ఉంటుంది, నువ్వు చదివినవాళ్ళలో ఆమె ఉండి తీరాలి. 1947లో కాలిఫోర్నియాలో పుట్టిన నల్లజాతి అమ్మాయి. తల్లి ఇళ్ళల్లో పనిచేసేది, ఆ ఇళ్ళవాళ్ళు పారేసిన పుస్తకాలు కూతురికి తెచ్చేది. పన్నెండేళ్ళప్పుడు టీవీలో ఒక నాసిరకం అంతరిక్షం సినిమా చూసి, ఇంతకన్నా బాగా నేను రాయగలనని మొదలుపెట్టింది. 1979లో వచ్చిన 'కిండ్రెడ్' నవలలో ఆమె నాయిక 1976 నాటి లాస్ ఏంజెలెస్ నుంచి బానిసత్వం కాలానికి, తన పూర్వీకుల దగ్గరికి వెళ్ళిపోతుంది. ఎలా వెళ్ళిందో రచయిత్రి పుస్తకం మొత్తంలో ఎక్కడా చెప్పలేదు. మనకి అడగాలని కూడా అనిపించదు. అక్కడికి వెళ్ళిన ఆ మనిషి ఒంటికి, మనసుకి ఏం జరిగిందో మాత్రం ఒక్క వివరం వదలకుండా చెప్పింది. నీకు కావాల్సిన సైన్స్ ఎంత అంటే, నీ కథలోని మనిషిని ఇబ్బంది పెట్టేటంత. ఆ మేరకు మాత్రం తప్పు లేకుండా ఉండాలి.

టైం గురించి అడిగావు కాబట్టి బట్లర్ సంగతే ఇంకొంచెం. గిన్నెలు కడిగింది, ఫోన్‌లో సరుకులు అమ్మింది, చిప్స్ ఫ్యాక్టరీలో మంచివీ చెడ్డవీ ఏరింది. రాత్రి రెండింటికి లేచి రాసుకుని అప్పుడు పనికి వెళ్ళేది. 1995లో ఆమెకి, అమెరికాలో ప్రతిభావంతులకిచ్చే మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్ళలో అది మొదట అందుకున్నది ఆమే. నిన్ను రెండింటికి లేవమని నేను చెప్పను, నీ ఒంటికి నిద్ర కావాలి. కానీ మూడింటికి నిన్ను రైతులే లేపుతున్నారు. ఆ ఫోన్ పెట్టేశాక ఎలాగూ వెంటనే నిద్ర పట్టదు. ఆ రైతు అన్న మాట అన్నట్టుగా, అతని యాసలోనే ఫోన్‌లో నోట్ చేసుకుని పడుకో. అంతకుమించి వద్దు. ఆదివారం ఒక గంట కూర్చుని ఆ నోట్స్ చూడు. సీజన్ లేని నెలల్లో ఒక కథ పూర్తి చెయ్. పూర్తి చెయ్యడం ముఖ్యం. నీ 11 కథల్లో ఎన్ని నిజంగా పూర్తయ్యాయో నీకే తెలుసు. నాకు పంపిన మూడింటిలో రెండు చివర్లో కలగా తేలిపోయాయి, కథ ముగించడానికి భయపడినప్పుడు అలా అవుతుంది.

ఇంట్లోవాళ్ళ మాట కొట్టిపారేయకు. చెరువు మీద పడిన దెబ్బ వాళ్ళకి ఇంకా పచ్చిగా ఉంది. నెలనెలా జీతం వచ్చే ఉద్యోగం కూతురికి ఉండాలనుకోవడంలో తప్పేముంది? గ్రూప్స్ నీకు నిజంగా ఇష్టమైతే చదువు, నా కాలేజీ పిల్లలు చాలామంది రాసి పాసయ్యారు. ఆదివారం గంటసేపు కథ రాసినందువల్ల ఎవరికీ ఉద్యోగం రాకుండా పోలేదు. ల్యాబ్ ఉద్యోగం మాత్రం రాయడం కోసమని తొందరపడి మానేయకు. నీ కథలన్నీ అక్కడే ఉన్నాయి.

చదవడం ఆపొద్దు, ఇంగ్లిష్‌వి కూడా. కాకపోతే ఇకమీదట ఒక పుస్తకం ముగించాక, ఇందులో కొత్తగా వచ్చిన వస్తువు వల్ల ఎవరి పని పోయింది, ఎవరి మాటకి విలువ పోయింది అని ఒక కాగితం మీద రాసుకో. ఆ జాబితాలో మీ ఊరివాళ్ళు కనిపించడానికి ఎక్కువ రోజులు పట్టదు. రాసిన కథని ఎడిటర్‌కి పంపే ముందు మీ నాన్నకి చదివి వినిపించు. ఆయన మధ్యలో ఆపి "అలా ఎందుకంటారే?" అని అడిగిన ప్రతి వాక్యం మార్చు.

బ్రాకెట్లో ఆరే చిన్న వాక్యాలు రాశావు. మీటర్ సంగతి రాశావు, వాసన సంగతి రాశావు, రొయ్యలు తేలడం రాశావు. తెల్లారాక గట్టు మీద మీ నాన్న నీతో ఏమన్నారో రాయలేదు. అసలేమైనా అన్నారా? నువ్వు ఆ మీటర్‌ని ఏం చేశావు, కడిగి డబ్బాలో పెట్టావా, చేతిలోనే పట్టుకుని నిలబడ్డావా? నాకు అది తెలుసుకోవాలని ఉంది. అక్కణ్ణుంచి రాసి పంపు.